గ్రీన్‌కార్డు ఇచ్చేసి రావాలా, సిటిజన్‌షిప్ తీసుకుని రావాలా? అమెరికా నుంచి తిరిగొచ్చే రిటైరీల పన్ను లెక్క

పోయిన సంక్రాంతికి మా బావమరిది న్యూజెర్సీ నుంచి వచ్చాడు. 63 ఏళ్లు. గ్రీన్‌కార్డు చేతికొచ్చి 11 ఏళ్లయింది. అరిసె కొరుకుతూ, "బావా, నిజాంపేటలో ఫ్లాట్ చూశాం. వచ్చే ఏడాది వచ్చేస్తాం. పన్ను ఎక్కడ తక్కువ, అక్కడా ఇక్కడా?" అని అడిగాడు.

ఈ ప్రశ్న నన్ను నెలకి ఒకరైనా అడుగుతుంటారు. నేను ఆడిటర్ని కాను. 24 ఏళ్లు అమెరికాలో ఉద్యోగం చేసి, సిటిజన్‌గానే హైదరాబాద్ తిరిగొచ్చి, రెండు దేశాల్లోనూ ఏటా రిటర్న్ వేసుకుంటున్న మామూలు మనిషిని. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒకటే. పన్ను మనం ఉండే ఊరిని బట్టి పడటం లేదు. చేతిలో ఉన్న కాగితాన్ని బట్టి, ఇండియాలో దిగిన తేదీని బట్టి పడుతోంది. ఫ్లాట్ ఆ తరవాత చూసుకోవచ్చు.

మా వాడి ముందు మూడు దారులున్నాయి. అక్కడే ఉండి చలికాలం నాలుగైదు నెలలు ఇక్కడ గడపడం. సిటిజన్‌షిప్ తీసుకుని, ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు) వచ్చి స్థిరపడటం. గ్రీన్‌కార్డు వాపసు ఇచ్చేసి ఇండియన్ పాస్‌పోర్టుతోనే రావడం. "కార్డు ఉంచుకునే ఇక్కడ ఉంటాను" అని నాలుగో దారి చెప్పాడు కానీ, దాన్ని నేను లెక్కలో వేసుకోను. గ్రీన్‌కార్డు అంటే అమెరికాలో నివసించడానికి ఇచ్చిన కాగితం. ఇక్కడ కాపురం పెట్టేసి ఏడాదికోసారి వెళ్లి ముఖం చూపిస్తే, ఏదో ఒకరోజు ఎయిర్‌పోర్టులో నిలదీస్తారు. పన్నుకి మాత్రం అది బతికే ఉంటుంది. కార్డు మీద తేదీ అయిపోయినా, ఐ-407 ఫారం ఇచ్చి అధికారికంగా వదులుకునేదాకా అమెరికా మిమ్మల్ని తన పన్ను నివాసిగానే చూస్తుంది. నివాసం పోయి, పన్ను మిగలడమన్నమాట.

మొదటి దారి గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. విజిటర్‌గా వచ్చే ప్రవాస భారతీయులకీ ఓసీఐలకీ, ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు నిండనంతవరకు ఇండియా ఇక్కడి ఆదాయం మీద మాత్రమే పన్ను వేస్తుంది. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటిన ఏడాది, అంతకుముందు నాలుగేళ్లలో 365 రోజులు ఇక్కడ గడిపి ఉంటే, 182 కాస్తా 120 అవుతుంది. అద్దెలు, ఎఫ్‌డీ వడ్డీలు తక్కువే కదా అనుకుంటాం గానీ, ప్లాటు అమ్మిన ఏడాది ఆ 15 లక్షలు ఇట్టే దాటిపోతుంది. అయినా కంగారు పడక్కర్లేదు. ఆ 120 రోజుల నిబంధన కింద రెసిడెంట్ అయినా మీది, కింద చెప్పబోయే, పూర్తి రెసిడెంట్ కాని ఆర్‌ఎన్‌ఓఆర్ హోదాయే, కాబట్టి అమెరికా పెన్షన్ జోలికి ఇండియా రాదు. అక్కడ మెడికేర్ (పెద్దవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉంటుంది, మనవలు దగ్గరుంటారు. మెడికేర్ ఇండియాలో చెల్లదన్న సంగతి మిగతా రెండు దారుల వాళ్లూ గుర్తుపెట్టుకోవాలి.

అసలు పోలిక రెండో దారికీ మూడో దారికీ మధ్యనే.

సోషల్ సెక్యూరిటీ దగ్గర తేడా

"ఇండియాకి వచ్చేస్తున్నాం కదా, ఇంక అమెరికా పన్నుతో పనేముంది, కార్డు ఇచ్చేస్తే పీడ పోతుంది" అని చాలామంది అనుకుంటారు. సోషల్ సెక్యూరిటీ (అమెరికా ప్రభుత్వమిచ్చే రిటైర్మెంట్ పెన్షన్) విషయంలో అది పూర్తిగా తలకిందులు.

రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందంలో 20వ ఆర్టికల్ ప్రకారం సోషల్ సెక్యూరిటీ మీద పన్ను వేసే హక్కు అమెరికాదే. ఇండియా ముట్టుకోదు. అంతవరకు బాగుంది. కానీ అమెరికా ఎలా వేస్తుందన్నది మీ కాగితాన్ని బట్టి మారిపోతుంది. కార్డు ఇచ్చేసి విదేశీయుడైపోతే, మీకొచ్చే మొత్తంలో 85 శాతం మీద 30 శాతం, అంటే నూటికి 25.50, చెల్లించేముందే కోసేస్తారు. స్టాండర్డ్ డిడక్షన్ లేదు, శ్లాబులు లేవు. భార్యాభర్తలకి కలిపి ఏడాదికి 30,000 డాలర్లు వస్తుంటే 7,650 డాలర్లు అక్కడే ఆగిపోతాయి. అమెరికాలో ప్రభుత్వ ఉద్యోగం చేసిన భారతీయ పౌరులకి ఒప్పందంలో కొంత వెసులుబాటు ఉంది. మనవాళ్లలో ఎక్కువమందివి ప్రైవేటు ఉద్యోగాలు కాబట్టి అది అక్కరకు రాదు.

అదే జంట సిటిజన్లయితే? వేరే ఆదాయం ఏమీ లేకపోతే ఆ 30,000 మీద ఫెడరల్ పన్ను సున్నా. 401కె (ఉద్యోగంలో ఉండగా కూడబెట్టిన రిటైర్మెంట్ ఖాతా) నుంచి మరో 40,000 తీసుకున్నా, ఇద్దరికీ 65 దాటితే స్టాండర్డ్ డిడక్షనూ, 2025 నుంచి 2028 దాకా సీనియర్లకిచ్చిన 6,000 డాలర్ల అదనపు మినహాయింపూ పోగా, రెండిటి మీదా కలిపి పన్ను వెయ్యి డాలర్ల లోపే తేలుతుంది.

ఈ లెక్క మా బావమరిదికి కాగితం మీద వేసి చూపించాను. అతను రెండోసారి కూడి చూసుకుని, "అంటే అమెరికా పాస్‌పోర్టు ఏడాదికి ఆరేడు వేల డాలర్లు చేస్తుందా?" అన్నాడు. మీ విషయంలో సరిగ్గా అంతే తేలకపోవచ్చు. వడ్డీలు, అద్దెలు కలిస్తే అంకెలు మారతాయి. కానీ తేడా ఎటువైపు ఉంటుందో అర్థమయింది కదా.

కార్డు వదిలే ముందు రెండు గోతులు

గడిచిన 15 ఏళ్లలో 8 ఏళ్లు గ్రీన్‌కార్డు ఉంటే (ఒక ఏడాదిలో ఒక్కరోజున్నా ఏడాది కిందే లెక్క), దాన్ని వదులుకోవడం సిటిజన్‌షిప్ వదులుకోవడంతో సమానం. 8854 ఫారం వేయాలి. మీ ఆస్తి నికరంగా 20 లక్షల డాలర్లకి చేరినా, గత ఐదేళ్లు పన్నులు సక్రమంగా కట్టానని ధ్రువీకరించలేకపోయినా, ఎగ్జిట్ ట్యాక్స్ వర్తిస్తుంది. అయిదేళ్ల సగటు పన్ను ఒక పరిమితి దాటినా అంతే, 2025కి ఆ పరిమితి 2,06,000 డాలర్లు. అప్పుడు మీ షేర్లన్నీ ముందురోజే అమ్మేసినట్టు లెక్కగట్టి, మొదటి 8,90,000 డాలర్ల లాభం వదిలి (ఇదీ 2025 అంకే) మిగతాదాని మీద పన్ను వేస్తారు. ఐఆర్‌ఏ (సొంతంగా తెరిచే రిటైర్మెంట్ ఖాతా) మొత్తం ఆ రోజే తీసుకున్నట్టు లెక్క. 20 లక్షల డాలర్లు అంటే కోటీశ్వరుల సంగతి అనుకోకండి. న్యూజెర్సీలో ఇల్లు, రెండు 401కెలు, ఇక్కడ నాన్నగారు రాసిచ్చిన స్థలం అన్నీ కూడితే చాలామంది ఆ గీత దగ్గరికి వచ్చేస్తారు. భార్యాభర్తలకి విడివిడిగా చూస్తారు, అదొక్కటే ఊరట.

కార్డు వచ్చి ఆరేడేళ్లే అయి, ఇంటికొచ్చే ఆలోచన గట్టిగా ఉన్నవాళ్లకి నా సలహా మాత్రం వేరు. ఎనిమిదో ఏడు మొదలుకాకముందే తేల్చుకోండి.

రెండో గొయ్యి గురించి ఎవరూ ముందు చెప్పరు. మనిషి పోయాక తెలుస్తుంది. అమెరికా సిటిజన్ చనిపోతే 2026లో కోటిన్నర డాలర్ల ఆస్తి దాకా ఎస్టేట్ ట్యాక్స్ (పోయినవాళ్ల ఆస్తి మీద పన్ను) లేదు. ఇండియాలో స్థిరపడిన విదేశీయుడు పోతే, అతనికి అమెరికాలో ఉన్న ఆస్తిలో మినహాయింపు 60,000 డాలర్లే. ఆ పైన 40 శాతం దాకా పోవచ్చు. అమెరికన్ కంపెనీల షేర్లు, అక్కడి ఇల్లు, 401కె అన్నీ ఇందులోకి వస్తాయి. మామూలు బ్యాంకు డిపాజిట్లు రావు. ఈ విషయంలో రెండు దేశాల మధ్య ఒప్పందం కూడా లేదు. కార్డు ఇచ్చేసి, ఐదు లక్షల డాలర్ల షేర్లు అక్కడే బ్రోకరేజ్ ఖాతాలో పెట్టుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లు నాకు తెలుసు. చెబితే, "మనకి ఇప్పుడప్పుడే ఏమవుతుంది లెండి" అంటారు.

దిగే తేదీ

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం పోయి 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. అసెస్‌మెంట్ ఇయర్ అన్న మాట పోయి ట్యాక్స్ ఇయర్ అయింది, సెక్షన్ల నంబర్లన్నీ మారాయి. రోజుల లెక్క మాత్రం మారలేదు.

చాలా ఏళ్లు బయట ఉండి వచ్చినవాళ్లకి మొదట్లో ఆర్‌ఎన్‌ఓఆర్ అనే హోదా ఉంటుంది. రెసిడెంటే, కానీ పూర్తి రెసిడెంట్ కాదు. అల్లుడు అత్తారింటికి వచ్చిన మొదటి నాలుగు రోజుల్లాంటిది, పనులేమీ చెప్పరు. ఆ కాలంలో విదేశీ ఆదాయం మీద ఇండియా పన్ను వేయదు. అంతకుముందు పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంట్‌గా ఉన్నా, లేదా అంతకుముందు ఏడేళ్లలో ఇక్కడ గడిపింది 729 రోజులు మించకపోయినా ఈ హోదా దక్కుతుంది.

ఏటా ఓ నెల వచ్చి వెళ్లే మా బావమరిది 2027 మే 1న వచ్చేస్తాడనుకుందాం. 2027-28లో 336 రోజులు ఉంటాడు కాబట్టి రెసిడెంటే, అయితే ఆర్‌ఎన్‌ఓఆర్. 2028-29లోనూ అంతే. 2029 ఏప్రిల్ నుంచి పూర్తి రెసిడెంట్. అదే మనిషి 2027 అక్టోబరు 5న దిగితే, మార్చి 31కి 179 రోజులే అవుతాయి. 182 దాటలేదు, ముందు నాలుగేళ్లలో 365 రోజులూ లేడు. ఆ ఏడాదికి అతను ఇంకా నాన్ రెసిడెంటే. ఆ తరవాత రెండేళ్లు ఆర్‌ఎన్‌ఓఆర్. పూర్తి రెసిడెంట్ అయ్యేది 2030 ఏప్రిల్‌లో. అయిదు నెలలు ఆగితే ఏడాది కలిసొచ్చింది.

వచ్చిన రోజూ వెళ్లిన రోజూ రెండూ లెక్కలో వేసుకోండి, వాదన ఉండదు. మా ఆవిడ పూజగదిలో క్యాలెండర్ మీద శంషాబాద్ స్టాంపు పడిన రోజులకి ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టేది. అప్పుడు నవ్వాను గానీ, రిటర్న్ వేసేటప్పుడు ఆడిటర్ గారు అడిగింది ఆ క్యాలెండరే.

ఈ ఆర్‌ఎన్‌ఓఆర్ కాలంలో 401కె నుంచి తీసుకోవడం మంచిది. ఒక జాగ్రత్త. ఆ డబ్బు ముందు అమెరికా బ్యాంకు ఖాతాలో పడాలి, అక్కడినుంచి ఇక్కడికి పంపుకోవాలి. నేరుగా హైదరాబాద్ ఖాతాకి తెప్పిస్తే, ఇండియాలోనే అందుకున్న ఆదాయమైపోయి పన్ను పడుతుంది. ఎవరికైనా ఏ హోదాలో ఉన్నా ఇది వర్తిస్తుంది.

పూర్తి రెసిడెంట్ అయ్యాక ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా ఇక్కడ చూపాల్సిందే. 401కె నుంచి ఏడాదికి 40,000 డాలర్లు తీస్తే, డాలరుకు 90 వేసుకుంటే 36 లక్షలు. అదంతా ఒకరి పేరనే ఉండి, మొత్తం పన్నుకి తెచ్చారనుకుని 2025-26 కొత్త విధానం శ్లాబులు వేస్తే, సెస్సుతో 6,86,400 రూపాయలు. ఇద్దరికీ వేర్వేరు 401కెలు ఉండి చెరి 18 లక్షలు తీస్తే, ఒక్కొక్కరికి 1,66,400, కలిపి 3,32,800. సగానికి తగ్గిపోయింది. అమెరికాలో భార్యాభర్తలు కలిపి రిటర్న్ వేస్తారు, ఇక్కడ ఎవరిది వారిదే. ఆ తేడా ఇక్కడ మనకి లాభం. ఒక్కొక్కరి ఆదాయం 12 లక్షల లోపుంటే రిబేటుతో పన్నే ఉండదు. అందుకని ఆడవాళ్ల 401కెని చిన్నదే కదా అని ముందే ఖాళీ చేసేయకండి.

కార్డు వదిలేసినవాళ్లకి 401కె దగ్గర ఒక మేలుంది. నెలనెలా పెన్షన్‌లా తీసుకుంటే, ఒప్పందం ప్రకారం నివాస దేశమైన ఇండియానే పన్ను వేస్తుంది. డబ్ల్యూ-8బెన్ ఫారం (నేను అమెరికా పన్ను నివాసిని కాదని రాసిచ్చేది) ఇస్తే అమెరికాలో 30 శాతం కోత ఉండదు. ఒకేసారి మొత్తం తీసేసుకుంటే ఈ మేలు దొరకదు, ఒప్పందంలో పెన్షన్ అంటే విడతలుగా వచ్చేదే. ఎగ్జిట్ ట్యాక్స్ గీత దాటినవాళ్లకీ దొరకదు. సిటిజన్లకయితే రెండు దేశాలూ అడుగుతాయి, ఒకచోట కట్టింది రెండోచోట తీసివేయించుకోవాలి. చివరికి రెండిట్లో ఏది ఎక్కువో దాదాపు అంత పోతుంది. ఆ తీసివేత ఏ దేశంలో ముందు, ఎంత అన్నది రెండు చట్టాలూ చదివినవాళ్ల చేత చేయించుకోండి. అక్కడి సీపీఏకి ఇక్కడి చట్టం తెలియదు, ఇక్కడి ఆడిటర్‌కి అక్కడిది తెలియదు, మధ్యలో నలిగేది మనం.

తీయకుండా ఉంచుకున్న 401కెలో పెరిగిన లాభం మీద ఏటా ఇక్కడ పన్ను కట్టక్కర్లేకుండా 2021 బడ్జెట్‌లో ఒక ఏర్పాటు చేశారు (పాత చట్టంలో 89ఎ సెక్షన్, 10ఇఇ ఫారం). అమెరికా, యూకే, కెనడా ఖాతాలకే ఇది. పూర్తి రెసిడెంట్ అయిన మొదటి ఏడాదే, రిటర్న్ గడువులోపు ఎంచుకోండి. ఒకసారి ఎంచుకుంటే వెనక్కి తీసుకోవడం ఉండదు. రాత్ ఐఆర్‌ఏ (ముందే పన్ను కట్టిన డబ్బు వేసే ఖాతా) అమెరికాలో పన్ను లేనిదే అయినా, దానికి ఇండియా చట్టంలో ప్రత్యేక మినహాయింపు లేదు. కుదిరితే దాన్ని కూడా ఆర్‌ఎన్‌ఓఆర్ కాలంలోనే చూసుకోవడం మేలు.

సిటిజన్‌గా వస్తే పడే తిప్పలు

ఇప్పటిదాకా చదివితే రెండో దారే బంగారు బాట అనిపిస్తుంది. కాదు. నా అనుభవం చెబుతాను.

వచ్చిన కొత్తలో మా మేనల్లుడి మాట విని మూడు మ్యూచువల్ ఫండ్లలో సిప్‌లు మొదలెట్టాను. నెలకి 15,000. బాగానే పెరిగాయి. ఆ ఏడాది అమెరికా రిటర్న్ వేసే ఆయన అడిగాడు, "ఇండియా ఫండ్లేమైనా ఉన్నాయా?" అని. ఉన్నాయన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. అమెరికా దృష్టిలో అవి విదేశీ పెట్టుబడి కంపెనీలు, అంటే పీఎఫ్‌ఐసీలు. ఒక్కో ఫండుకి ఒక 8621 ఫారం, లాభం మీద మామూలుగా ఉండే తక్కువ రేటు లేదు, పైగా వడ్డీ. ఆ మూడు ఫండ్ల లాభం కన్నా ఫారాలకి ఇచ్చుకున్న ఫీజే ఎక్కువైంది. అన్నీ అమ్మేశాను. సిటిజన్‌గా వచ్చేవాళ్లు ఇక్కడి ఫండ్ల జోలికి పోవద్దు. ఎఫ్‌డీలు పెట్టుకోండి, పెద్దగా రాదు గానీ నిద్ర పడుతుంది.

ఎన్నారై ఖాతాల వడ్డీ మరో పొరపాటు. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ (విదేశీ సంపాదన ఇక్కడ రూపాయల్లో దాచుకునేది) వడ్డీకి ఇండియాలో పన్ను లేదు నిజమే, కానీ అమెరికా వాళ్లకి అది మామూలు ఆదాయమే, ఏటా చూపాలి. ఇంటికి వచ్చి స్థిరపడ్డాక ఆ ఖాతా ఎన్‌ఆర్‌ఈగా ఉండకూడదు. రెసిడెంట్ ఖాతాగానో, తిరిగొచ్చినవాళ్లకిచ్చే విదేశీ కరెన్సీ ఖాతా అయిన ఆర్‌ఎఫ్‌సీగానో మార్చాలి. డాలర్లు డాలర్లుగానే ఉంచుకోవాలంటే ఆర్‌ఎఫ్‌సీ మంచిది, ఆర్‌ఎన్‌ఓఆర్‌గా ఉన్నంతకాలం దాని వడ్డీ మీద ఇక్కడ పన్ను ఉండదు.

అమెరికా బయట, అంటే ఇండియాతో సహా, ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే అమెరికాకి ఆ ఖాతాల వివరాల రిపోర్టు, ఎఫ్‌బార్ వేయాలి. అమ్మ పేరున ఉన్న పోస్టాఫీసు ఖాతాలోనో బ్యాంకు ఖాతాలోనో, "ఎందుకైనా మంచిది" అని మీ పేరు జాయింట్‌గా వేయించుంటే అదీ లెక్కలోకే వస్తుంది. ఇటు పూర్తి రెసిడెంట్ అయ్యాక, ఇండియా రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపాలి, 401కెతో సహా. నల్లధనం చట్టం కింద చూపకపోతే జరిమానా 10 లక్షలు. 2024 అక్టోబరు నుంచి, స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు 20 లక్షల లోపుంటే ఆ జరిమానా లేకుండా సడలించారు. 401కె ఉన్నవాళ్లలో చాలామందికి ఆ 20 లక్షలు సరిపోవు.

డబ్బు కాని సంగతి ఒకటి. ఓసీఐకి ఓటు లేదు, పొలం కొనే హక్కు లేదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఊళ్లో నాలుగెకరాలు కొని మామిడితోట వేద్దామని కలలు కన్నవాళ్లకి ఇది పన్ను కన్నా పెద్ద దెబ్బ. మా వైపు ఆ కల ఉన్నవాళ్లే ఎక్కువ.

ప్లాటు అమ్మాలనుకుంటే ఎప్పుడు అమ్మాలని కూడా అడుగుతారు. 2024 జులై 23 నుంచి జరిగే అమ్మకాలకి ఎన్నారైలకి ఒకటే దారి, ఇండెక్సేషన్ (కొన్న ధరను ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచి లెక్కగట్టడం) లేకుండా 12.5 శాతం. రెసిడెంట్‌కి, ఆ తేదీకి ముందు కొన్న స్థలమైతే, ఇండెక్సేషన్‌తో 20 శాతం అన్న రెండో అవకాశమూ ఉంది. ఇరవయ్యేళ్ల కిందట 6 లక్షలకి కొని ఇప్పుడు 90 లక్షలు పలికే హైదరాబాద్ శివారు ప్లాట్లకి ఆ రెండో అవకాశం పనికిరాదు, 12.5 శాతమే తక్కువ తేలుతుంది. అసలు తేడా టీడీఎస్‌లో ఉంది. ఎన్నారై దగ్గర కొనేవాడు పెద్ద మొత్తం పట్టుకోవాలి, తక్కువ పట్టుకోమని డిపార్ట్‌మెంట్ నుంచి సర్టిఫికెట్ తేవాలి. కొనేవాడు ఆ తలనొప్పి చూసి బేరం తగ్గిస్తాడు. రెసిడెంట్ అమ్మితే, 50 లక్షలు, ఆపైన ధర పలికిన వాటికి 1 శాతం. తొందర లేకపోతే వచ్చాకే అమ్ముకోండి.

గల్ఫ్ వాళ్లకి ఈ తలనొప్పులేవీ లేవు. అక్కడ పన్ను లేదు, పెన్షనూ లేదు. ఇండియన్ పాస్‌పోర్టు ఉండి, ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటి, ఎక్కడా పన్ను కట్టనివాళ్లని ఇండియా రెసిడెంట్‌గా భావిస్తుందని ఒక నిబంధన ఉంది గానీ, అప్పుడూ ఆర్‌ఎన్‌ఓఆర్ హోదాయే. యూకే నుంచి వచ్చేవాళ్లు ఒక్కటి తెలుసుకోవాలి. అక్కడి స్టేట్ పెన్షన్ ఇండియాలో ఉండేవాళ్లకి ఏటా పెరగదు, మొదట ఇచ్చిన రేటు దగ్గరే ఆగిపోతుంది.

నా మట్టుకు నేను తేల్చింది ఇది. కార్డు వచ్చి ఎనిమిదేళ్లు దాటి, సోషల్ సెక్యూరిటీ మీద ఆధారపడేవాళ్లు, అక్కడ షేర్లున్నవాళ్లు, సిటిజన్‌షిప్ తీసుకునే రండి. ఎనిమిదో ఏడు మొదలుకానివాళ్లు, అమెరికాలో ఆస్తి పెద్దగా ఉంచుకోనివాళ్లు, పొలం కొనాలనుకునేవాళ్లు కార్డు ఇచ్చేసి రండి. మనసు ఇంకా ఊగుతున్నవాళ్లు రెండు మూడు చలికాలాలు విజిటర్లుగా వచ్చి చూడండి.

మా బావమరిది సిటిజన్‌షిప్‌కి దరఖాస్తు పెట్టాడు. అక్టోబరు 5 అని తేదీ కూడా రాసుకున్నాడు. మొన్న ఫోన్ చేసి, "బావా, అంతకుముందు మేలో ఓ నెల వచ్చి ఆవకాయ పెట్టించుకుని వెళ్తాం, సరేనా?" అన్నాడు. 179కి 30 కలిపితే 209, అదే ఆర్థిక సంవత్సరం, 182 దాటిపోతుంది, చేసిన లెక్కంతా పోతుంది అని చెప్పాను. ఆవకాయ పార్సిల్ పంపిస్తానన్నాను.